ఓటమి ఎరుగని జట్టుకు పిలుపెందుకు రాలేదు? 1951 శాన్‌ఫ్రాన్సిస్కో డాన్స్ కథలోని చిక్కుముడులు

1951లో శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయపు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ‘డాన్స్’ తొమ్మిది మ్యాచ్‌లు ఆడి తొమ్మిదింటిలోనూ గెలిచింది. అంతటి రికార్డున్న జట్టుకు, కొత్త సంవత్సరం నాడు జరిగే పెద్ద ‘బౌల్’ మ్యాచ్‌లలో ఏదో ఒకదానికి ఆహ్వానం అందడం ఆనాటి రివాజు. ఈ జట్టుకు అందలేదు. అంతటితో ఆగలేదు. సీజన్ ముగిసిన కొద్ది వారాలకే విశ్వవిద్యాలయం ఆ ఆటనే మానుకుంటున్నట్టు ప్రకటించింది. జట్టులోని ఇద్దరు నల్లజాతి ఆటగాళ్లను ఇంటి దగ్గర వదిలి వస్తే ఆడనిస్తామన్న షరతును జట్టు తిరస్కరించిందని, అందుకే బౌల్ దక్కలేదని, అందుకే జట్టు మూతపడిందని ఈ కథను సాధారణంగా ఒక్క వాక్యంలో చెబుతుంటారు. ఆ వాక్యంలో మొదటి సగానికి బలమైన ఆధారాలున్నాయి. రెండో సగం అంత సూటిగా నిలబడదు. రెండింటినీ విడదీసి చూడాలంటే ఆనాటి కళాశాల క్రీడల ఆర్థికాన్ని, బౌల్ మ్యాచ్‌లను నడిపినవారి పద్ధతులను, పసిఫిక్ తీరపు జట్ల మధ్య ఉన్న ఒప్పందాలను కొంత ఓపికగా పరిశీలించాలి.

ముందుగా ఆట గురించి నాలుగు మాటలు. కోలగా ఉండే బంతిని చేత పట్టుకుని పరుగెత్తుతూనో, విసురుతూనో వంద గజాల మైదానంలో ప్రత్యర్థి గీత దాటించడం ఈ ఆటలోని లక్ష్యం. అలా దాటిస్తే దాన్ని టచ్‌డౌన్ అంటారు, దానికి ఆరు పాయింట్లు. ప్రత్యర్థిని వాళ్ల సొంత గీత వెనకే పడగొడితే దక్కేవి రెండు పాయింట్లు మాత్రమే. కాబట్టి ఒక జట్టు స్కోరు పక్కన ‘2’ అని కనిపిస్తే, ఆ జట్టు మ్యాచ్ మొత్తంలో బంతితో ఒక్కసారి కూడా అవతలి గీత చేరలేకపోయిందని అర్థం. 1951 సీజన్‌లో డాన్స్ తొలి మ్యాచ్‌లో శాన్ హోసే స్టేట్‌ను 39-2తోనూ, చివరి మ్యాచ్‌లో లాస్ ఏంజెలెస్‌కు చెందిన లయోలాను 20-2తోనూ ఓడించింది.

కళాశాల ఫుట్‌బాల్‌లో అప్పుడు జాతీయ స్థాయి పోటీ అంటూ ఒకటి లేదు. సెప్టెంబరు నుంచి నవంబరు వరకు ప్రతి జట్టూ తనకు కుదిరిన ప్రత్యర్థులతో ఆడేది. పాత్రికేయుల ఓట్లతో అసోసియేటెడ్ ప్రెస్ సంస్థ వారం వారం ర్యాంకులు ప్రకటించేది. సీజన్ అయిపోయాక మయామీలో ఆరెంజ్ బౌల్, న్యూ ఆర్లియన్స్‌లో షుగర్ బౌల్, డాలస్‌లో కాటన్ బౌల్, జాక్సన్‌విల్‌లో గేటర్ బౌల్, ఎల్ పాసోలో సన్ బౌల్, కాలిఫోర్నియాలోని పాసడీనాలో రోజ్ బౌల్ జరిగేవి. వీటిని నిర్వహించినవి ప్రభుత్వాలూ కావు, క్రీడా సమాఖ్యలూ కావు. చలికాలంలో తమ ఊరికి పర్యాటకులను రప్పించాలనుకున్న స్థానిక వ్యాపారులు, నగర ప్రముఖులు కలిసి ఏర్పాటు చేసుకున్న సంఘాలు వీటిని నడిపేవి. ఎవరిని పిలవాలన్నది పూర్తిగా వాళ్ల ఇష్టం. ఎందుకు పిలవలేదో ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం వాళ్లకు లేదు. ఈ చివరి సంగతి ముఖ్యం. వివక్షకు కాగితం మీద జాడలు అంతగా లేకపోవడానికి ఇదే ప్రధాన కారణం.

శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయం 1855లో జెస్యూట్ క్రైస్తవ గురువులు స్థాపించిన విద్యాసంస్థ. గోల్డెన్ గేట్ పార్కుకు దగ్గరలో కొండ మీద ఉండే చిన్న ప్రాంగణం అది. పక్కనే బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, కాస్త దక్షిణాన స్టాన్‌ఫర్డ్ వేలాది విద్యార్థులతో, సొంత స్టేడియాలతో వెలిగిపోతుంటే, ఈ జట్టు నగరపాలక సంస్థకు చెందిన కెజార్ స్టేడియంలో ఆడుకునేది. ఆదివారాల్లో అదే మైదానంలో వృత్తి జట్టు ఫార్టీనైనర్స్ ఆడేది. 1946లో పుట్టిన ఆ జట్టు 1950 నాటికి జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌లో చేరిపోయింది. టికెట్టుకు డబ్బు పెట్టే నగరవాసి ముందు ఒకవైపు వృత్తి ఆటగాళ్లు, మరోవైపు బర్క్‌లీ, స్టాన్‌ఫర్డ్ ఉండగా, కొండ మీది చిన్న కళాశాల మూడో వరుసలోకి వెళ్లిపోయింది.

అయినా ఆ చిన్న కళాశాలకు అంత గొప్ప జట్టు ఎలా దొరికింది? దీనికి జవాబు రెండో ప్రపంచ యుద్ధంలో ఉంది. 1944లో వచ్చిన మాజీ సైనికుల చట్టం లక్షలాది యువకులకు కళాశాల చదువును అందుబాటులోకి తెచ్చింది. లేకపోతే చదువు గడప తొక్కే అవకాశమే లేని కుటుంబాల పిల్లలు, పాతికేళ్లకు దగ్గరపడిన దృఢకాయులు, తరగతి గదుల్లోకీ మైదానాల్లోకీ వచ్చారు. జీనో మార్కెటీ వాళ్లలో ఒకరు. ఇటలీ నుంచి వలస వచ్చిన దంపతుల కొడుకు. యుద్ధకాలంలో అతని తల్లిని ‘శత్రుదేశీయురాలు’గా లెక్కగట్టి ఇల్లు ఖాళీ చేయించిన ప్రభుత్వం తరఫునే, అతను ఐరోపాకు వెళ్లి మెషిన్ గన్ పట్టుకుని బల్జ్ పోరాటంలో పాల్గొన్నాడు. తిరిగొచ్చాక ఈ జట్టులో చేరాడు. మరో ఇద్దరు, ఆలీ మాట్సన్, బర్ల్ టోలర్, నగరంలోని రెండేళ్ల కళాశాల అయిన సిటీ కాలేజ్ నుంచి వచ్చారు. మాట్సన్ టెక్సస్‌లోని ట్రినిటీ అనే చిన్న ఊళ్లో, టోలర్ టెనెసీలోని మెంఫిస్‌లో పుట్టారు. జాతివివక్ష చట్టబద్ధమైన దక్షిణాది నుంచి పడమటి తీరానికి చేరిన నల్లజాతి కుటుంబాల తరం వాళ్లది. 1948లో ఈ ఇద్దరూ ఆడిన సిటీ కాలేజ్ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు.

కోచ్ జో కుహారిచ్ నోటర్ డామ్‌లో ఆడి వచ్చిన మనిషి, కఠినుడని పేరు. వేసవి చివర శాక్రమెంటో లోయలోని కార్నింగ్ అనే ఊళ్లో, మండుటెండలో జరిగిన శిక్షణ శిబిరాన్ని ఆటగాళ్లు ముసలితనంలో కూడా తలుచుకున్నారు. ఆ రోజుల్లో డబ్బున్న కళాశాలలు దాడికి ఒక దళాన్ని, రక్షణకు మరో దళాన్ని విడివిడిగా పెట్టుకునేవి. అంతమందికి ఉపకార వేతనాలిచ్చే స్తోమత ఈ కళాశాలకు లేదు కనుక ప్రధాన ఆటగాళ్లు రెండు వైపులా మైదానంలో ఉండేవాళ్లు. మాట్సన్ దాడిలో పరుగులు తీసి, తర్వాత రక్షణలో నిలబడి ప్రత్యర్థులను పడగొట్టేవాడు. ఆ సీజన్‌లో అతను బంతితో పరుగెత్తిన దూరం 1,566 గజాలు, దేశంలోకెల్లా అత్యధికం. 1948లో టెక్సస్ మైన్స్ ఆటగాడు ఫ్రెడ్ వెంట్ నెలకొల్పిన 1,570 గజాల రికార్డుకు నాలుగు గజాలే తక్కువ. 21 టచ్‌డౌన్లు కూడా అతని ఖాతాలో పడ్డాయి. అయినా ఆ ఏటి ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ ఓట్లలో అతనికి దక్కింది తొమ్మిదో స్థానం. ట్రోఫీ ప్రిన్స్‌టన్‌కు చెందిన డిక్ కాజ్‌మైయర్‌కు వెళ్లింది.

సీజన్‌లో రెండు మ్యాచ్‌ల దగ్గర ఆగాలి. మొదటిది అక్టోబరులో న్యూయార్క్‌లో ఫోర్డమ్‌తో ఆడినది. పడమటి తీరంలో ఎంత గెలిచినా తూర్పు పత్రికలు పట్టించుకోని రోజులవి. ఓట్లు వేసే పాత్రికేయుల్లో ఎక్కువమంది తూర్పువైపే ఉండేవారు. కాబట్టి ఒక రకంగా జట్టు ఈ మ్యాచ్‌తో తన ప్రచారం తాను చేసుకుంటోంది. ఆ ప్రచారాన్ని నడిపినవాడు విశ్వవిద్యాలయంలో క్రీడా వార్తల బాధ్యుడైన పీట్ రోజెల్. తర్వాతి కాలంలో, 1960లో, జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌కే అధిపతి అయి, టెలివిజన్ యుగంలో ఆ లీగ్‌ను అమెరికాలోకెల్లా సంపన్నమైన క్రీడా వ్యవస్థగా మార్చిన రోజెల్ ఇతనే. మ్యాచ్ మాత్రం అనుకున్నంత సులభంగా సాగలేదు. 32-26తో గట్టెక్కారంటే దానికి మాట్సన్ కిక్‌ఆఫ్ పరుగులే కారణం. ప్రత్యర్థి తన్నిన బంతి దాదాపు మైదానం ఆ చివరకు వచ్చి పడుతుంది. దాన్ని అందుకున్నవాడు, ఎదురుగా పూర్తి వేగంతో దూసుకొస్తున్న పదకొండు మందిని దాటుకుంటూ ముందుకు సాగాలి. ఇరవై గజాలు రాగలిగితే ఫరవాలేదనుకుంటారు. మాట్సన్ ఆ రోజు ఒకసారి 94 గజాలు, మరోసారి 90 గజాలు పరుగెత్తి రెండుసార్లూ గీత దాటాడు. తర్వాత 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం, రిలేలో రజతం గెలుచుకున్న కాళ్లవి.

అదే అక్టోబరులో ఓక్లహోమాలో జరిగిన మరో మ్యాచ్‌ను కూడా గుర్తుచేసుకోవాలి. డ్రేక్ విశ్వవిద్యాలయపు నల్లజాతి ఆటగాడు జానీ బ్రైట్‌ను, బంతి అతని దగ్గర లేని సమయంలో, ప్రత్యర్థి ఆటగాడు కావాలని కొట్టి దవడ విరగ్గొట్టాడు. ఆ దెబ్బను వరుసగా చూపిన ఛాయాచిత్రాలకు మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి వచ్చింది. కొట్టిన ఆటగాడిపై మాత్రం ఎలాంటి చర్యా లేదు. దానికి నిరసనగా డ్రేక్ తాను సభ్యత్వం ఉన్న కాన్ఫరెన్సు (విశ్వవిద్యాలయ జట్ల కూటమి) నుంచే తప్పుకుంది. శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు కథను ఈ వాతావరణంలో పెట్టి చూడాలి.

రెండో మ్యాచ్ నవంబరులో స్టాక్టన్ పట్టణంలో, కాలేజ్ ఆఫ్ ద పసిఫిక్‌తో జరిగింది. ఆ ఏడాది డాన్స్ ఎదుర్కొన్న బలమైన ప్రత్యర్థుల్లో అదొకటి. బౌల్ ఆహ్వానానికి ఈ మ్యాచే దారి అని రెండు జట్లూ నమ్మాయి. డాన్స్ 47-14తో గెలిచింది. ఆ తర్వాత బౌల్ పిలుపు వచ్చింది, కానీ ఓడిన జట్టుకు. పసిఫిక్ 1952 జనవరి 1న ఎల్ పాసోలో సన్ బౌల్ ఆడి టెక్సస్ టెక్ చేతిలో 25-14తో ఓడింది.

ఆహ్వానం రాకపోవడానికి ఆనాడు ప్రచారంలోకి వచ్చిన కారణం ప్రత్యర్థులు బలహీనులన్నది. దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. క్యాంప్ పెండిల్‌టన్ మెరీన్ల జట్టు, శాన్ డియేగో నౌకాదళ శిక్షణ కేంద్రపు జట్టు ఆ తొమ్మిది మ్యాచ్‌ల జాబితాలో ఉన్నాయి. కొరియా యుద్ధం నడుస్తున్నందున సైనిక స్థావరాలకు అప్పుడు జట్లుండేవి. శాన్ హోసే స్టేట్‌తో రెండుసార్లు ఆడారు. పసిఫిక్ కోస్ట్ కాన్ఫరెన్సులోని జట్లలో ఎదురుపడినది ఐడహో ఒక్కటే, అది ఆ కూటమిలో చిన్న జట్టు. పాత్రికేయుల ఓట్లలో డాన్స్ చివరికి 14వ ర్యాంకు దగ్గర ఆగడానికి కారణం ఇదే.

కానీ ఆ బలహీనమైన జాబితా ఎలా తయారైందన్నది అడగాల్సిన ప్రశ్న. అంతకు ముందు ఏడాది డాన్స్ బర్క్‌లీ జట్టుతో తలపడి, ఆ ఏడాది రోజ్ బౌల్‌కు వెళ్లిన ఆ బలమైన జట్టుకు గట్టి పోటీ ఇచ్చి స్వల్ప తేడాతో ఓడింది. 1951 జాబితాలో బర్క్‌లీ లేదు, స్టాన్‌ఫర్డ్ లేదు. గెలిస్తే పెద్దగా పేరు రాదు, ఓడితే పరువు పోతుంది అనిపించే చిన్న జట్టుతో పెద్ద విశ్వవిద్యాలయానికి ఆడాల్సిన అవసరం ఏముంటుంది? ఏ కాన్ఫరెన్సులోనూ లేని స్వతంత్ర జట్టు కావడంతో దొరికినవాళ్లతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. పెద్ద జట్లు ఆడకుండా ఉండి, ఆ తర్వాత ‘మీరు పెద్ద జట్లతో ఆడలేదు కదా’ అనడంలో ఉన్న న్యాయం ఏపాటిదో పాఠకులే గ్రహించగలరు.

చిన్న కళాశాల కావడం, దూరాన ఉండడం అడ్డంకి అయ్యాయన్న వాదన కూడా వినిపిస్తుంది. దీనికి చరిత్రలోనే జవాబుంది. అదే శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలోని సెయింట్ మేరీస్ అనే మరో చిన్న కేథలిక్ కళాశాలను 1946 జనవరిలో షుగర్ బౌల్ పిలిచింది. డాన్స్‌లాగే జెస్యూట్ కళాశాల అయిన శాంటా క్లారా 1950 జనవరిలో ఆరెంజ్ బౌల్ ఆడి కెంటకీని 21-13తో ఓడించింది. అంటే పసిఫిక్ తీరం నుంచి చిన్న కేథలిక్ కళాశాలను తీసుకెళ్లడం దక్షిణాది సంఘాలకు కొత్తేమీ కాదు.

ఇక 1952 జనవరి 1న ఎవరెవరు ఆడారో చూద్దాం. ఆరెంజ్ బౌల్‌లో జార్జియా టెక్ 17-14తో బేలర్‌ను ఓడించింది. షుగర్ బౌల్‌లో మేరీలాండ్ 28-13తో టెనెసీని ఓడించింది. ఈ నాలుగూ ర్యాంకుల్లో డాన్స్ కంటే పైనున్నవే, కాబట్టి వీటి ఎంపికను ర్యాంకు పేరుతో సమర్థించుకోవచ్చు. గేటర్ బౌల్ సంగతి వేరు. అందులో మయామీ 14-0తో క్లెమ్సన్‌ను ఓడించింది. ఆహ్వానం అందేనాటికి క్లెమ్సన్ రెండు మ్యాచ్‌లు, మయామీ మూడు మ్యాచ్‌లు ఓడి ఉన్నాయి. ఒక్కటీ ఓడని జట్టును పక్కనబెట్టి ఐదు ఓటముల రెండు జట్లను ఎంచుకున్నారంటే, ఆ ఎంపికకు ఆట ఒక్కటే ప్రమాణమని నమ్మడం కష్టం.

ఆ ప్రమాణం ఏమిటో అప్పట్లోనే బయటకు చెప్పినవారు లేకపోలేదు. గేటర్, షుగర్, ఆరెంజ్ బౌల్ సంఘాలు నల్లజాతి ఆటగాళ్లున్న జట్లను పిలవదలచుకోలేదని తనకు గేటర్ బౌల్ వర్గాల నుంచే తెలిసిందని శాన్‌ఫ్రాన్సిస్కో రేడియో క్రీడా వ్యాఖ్యాత ఐరా బ్లూ వెల్లడించాడు. మాట్సన్‌ను, టోలర్‌ను తీసుకురాకుండా వస్తే ఆడవచ్చన్న షరతు కోచ్ ద్వారా జట్టుకు చేరిందని ఆటగాళ్లు ఆ తర్వాత జీవితాంతం ఒకే మాట చెప్పారు. ఈ ఘట్టానికి ఆధారం ప్రధానంగా వాళ్ల జ్ఞాపకాలే. అయితే ఈ జ్ఞాపకాలు చెప్పేది ఆ సంఘాల అంతకు ముందరి ప్రవర్తనతో అచ్చంగా సరిపోతుంది.

ఆ ప్రవర్తనకు ఉదాహరణలు కోకొల్లలు. 1940 జనవరిలో కాటన్ బౌల్‌కు, 1941 జనవరిలో షుగర్ బౌల్‌కు వెళ్లిన బాస్టన్ కాలేజ్ జట్టులో లూ మాంట్‌గోమరీ అనే నల్లజాతి ఆటగాడు ఉన్నాడు. రెండు మ్యాచ్‌లలోనూ అతన్ని ఆడనివ్వలేదు. బాస్టన్ కాలేజ్ కూడా జెస్యూట్ సంస్థే అన్నది గమనించాలి. మతమూ ధర్మమూ బోధించే సంస్థ కావడం తనంతట తానే ఎవరినీ కాపాడలేదు. ఉత్తరాది విశ్వవిద్యాలయాలు దక్షిణాదికి ఆడడానికి వెళ్లేటప్పుడు నల్లజాతి ఆటగాళ్లను వదిలి వెళ్లడాన్ని అప్పట్లో ‘పెద్దమనుషుల ఒప్పందం’ అనేవారు. యుద్ధం తర్వాత ఈ ఒప్పందానికి పగుళ్లు పడటం మొదలైంది. 1946లో పెన్ స్టేట్ తన నల్లజాతి ఆటగాళ్లను వదిలి వెళ్లడం ఇష్టంలేక మయామీతో ఆడాల్సిన మ్యాచ్‌నే వదులుకుంది. 1948 జనవరిలో అదే పెన్ స్టేట్ వాలెస్ ట్రిప్లెట్, డెనిస్ హోగార్డ్ అనే ఇద్దరు నల్లజాతి ఆటగాళ్లతో డాలస్ వెళ్లి కాటన్ బౌల్ ఆడింది, మ్యాచ్ 13-13తో సమమైంది. 1948 చివర పెన్సిల్వేనియాలోని లఫాయెట్ అనే చిన్న కళాశాలకు సన్ బౌల్ పిలుపు వచ్చింది గానీ డేవిడ్ షోవెల్ అనే నల్లజాతి ఆటగాడిని అనుమతించబోమన్నారు. లఫాయెట్ వెళ్లలేదు.

ఇక్కడే మరో చిక్కు. డాన్స్ చేతిలో 47-14తో ఓడి సన్ బౌల్‌కు వెళ్లిన పసిఫిక్ జట్టులో ఎడ్డీ మేకన్ అనే నల్లజాతి ఆటగాడు ఉన్నాడు. సన్ బౌల్‌లో ఆడిన తొలి నల్లజాతి ఆటగాడు అతనే. మూడేళ్ల కిందట షోవెల్‌కు మూసుకున్న తలుపే మేకన్‌కు తెరుచుకుంది. కాబట్టి దక్షిణాది అంతా ఒకే గోడ అనుకోవడం సరికాదు. టెక్సస్‌లో డాలస్, ఎల్ పాసో నగరాలు సడలించిన కట్టుబాటును ఫ్లారిడా, లూసియానా ఇంకా గట్టిగా పట్టుకుని ఉన్నాయి. డాన్స్ ఆశ పెట్టుకున్నది సరిగ్గా ఆ గట్టిగా పట్టుకున్న చోట్ల.

మరి ఇంటి పక్కనే ఉన్న రోజ్ బౌల్ మాటేమిటి? పాసడీనాలో నల్లజాతి ఆటగాళ్లకు నిషేధం లేదు. ప్రయాణ ఖర్చు తక్కువ. పైగా డాన్స్ తన చివరి మ్యాచ్‌ను లయోలాతో ఆడింది ఆ స్టేడియంలోనే. కానీ 1947 జనవరి నుంచి రోజ్ బౌల్‌లో ఒకవైపు పసిఫిక్ కోస్ట్ కాన్ఫరెన్సు జట్టు, మరోవైపు మధ్య పశ్చిమ రాష్ట్రాల బిగ్ టెన్ కూటమి జట్టు మాత్రమే ఆడాలన్న ఒప్పందం అమల్లో ఉంది. 1952లో స్టాన్‌ఫర్డ్, ఇల్లినాయ్ ఆడాయి. ఏ కూటమిలోనూ లేని డాన్స్‌కు ఆ తలుపు తట్టే అర్హతే లేదు. అంటే వర్ణవివక్ష లేని పెద్ద వేదిక కూటమి రాజకీయాల వల్ల మూసుకుపోతే, స్వతంత్ర జట్లకు తెరిచి ఉన్న పెద్ద వేదికలు వర్ణవివక్ష వల్ల మూసుకుపోయాయి. ఈ కథలో తరచూ మరుగున పడేది ఈ మొదటి భాగం. నా ఉద్దేశంలో ఇది రెండోదానికంటే చిన్న కారణమేమీ కాదు.

షరతు తిరస్కరించిన ఘట్టాన్ని గురించి ఒక మాట. దీన్ని మహా త్యాగంగా వర్ణించే కథనాల్లో సుదీర్ఘ చర్చలు, భావోద్వేగ ప్రసంగాలు కనిపిస్తుంటాయి. ఆటగాళ్లు మాత్రం దీన్ని అసలు చర్చించాల్సిన విషయంగానే భావించలేదని చెప్పారు. ఎండలో కలిసి మగ్గినవాళ్లు, ఒకరి దెబ్బను మరొకరు కాచుకున్నవాళ్లు, ఇద్దరిని ఇంటి దగ్గర వదిలి వెళ్లడమనే ఆలోచనను ఓటింగుకు కూడా పెట్టలేదు. అయితే పదేళ్ల ముందు బాస్టన్ కాలేజ్ విషయంలో అలా జరగలేదన్నది గుర్తుంచుకుంటే ఈ నిర్ణయం విలువ తెలుస్తుంది. అక్కడ నిర్ణయం పాలకుల చేతిలో ఉండగా, ఇక్కడ జట్టే ముందుగా తేల్చేసింది. అప్పటికి నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ బేస్‌బాల్‌లో వర్ణరేఖ దాటి నాలుగేళ్లయింది, అధ్యక్షుడు ట్రూమన్ సైన్యంలో వేర్పాటును రద్దు చేస్తూ ఆదేశమిచ్చి మూడేళ్లయింది. జట్టులో మార్కెటీలాంటి మాజీ సైనికులున్నారు. ఇవన్నీ కలిసి ఆ తరం మనసును కొంత మార్చి ఉంటాయనడం అతిశయోక్తి కాదు.

ఇప్పుడు డబ్బు సంగతికి వద్దాం. ఫుట్‌బాల్ వల్ల విశ్వవిద్యాలయానికి ఏటా వచ్చిపడుతున్న నష్టం సుమారు 70 వేల డాలర్లని అప్పట్లో చెప్పుకున్నారు. వెయ్యికి కాస్త పైబడిన విద్యార్థులతో నడిచే సంస్థకు అది చిన్న మొత్తం కాదు. పెద్ద బౌల్‌కు వెళ్తే దక్కే వాటాతో ఆ ఏటి లోటు పూడేదే. అందుకని పిలుపు రాకపోవడమే జట్టును చంపిందని అనిపించడం సహజం. కానీ చుట్టుపక్కల చూస్తే మరో దృశ్యం కనిపిస్తుంది. షుగర్ బౌల్ ఆడిన సెయింట్ మేరీస్ 1950 సీజన్ తర్వాత ఫుట్‌బాల్ మానేసింది. రాజధాని వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్, పిట్స్‌బర్గ్‌లోని డ్యూకేన్ కూడా ఆ ఏడాదే వదిలేశాయి. డాన్స్ చివరి ప్రత్యర్థి లయోలా 1951 తర్వాత, ఆరెంజ్ బౌల్ గెలిచిన శాంటా క్లారా 1952 తర్వాత, న్యూయార్క్‌లో 32-26తో ఓడిన ఫోర్డమ్ 1954 తర్వాత ఆపేశాయి. శాంటా క్లారాకు బౌల్ దక్కింది, గెలుపూ దక్కింది. అయినా మూడేళ్లు నిలవలేదు.

ఈ మూకుమ్మడి నిష్క్రమణకు కారణాలు ఆర్థికమైనవే. దాడికో దళం, రక్షణకో దళం పెట్టుకునే పద్ధతి వల్ల ఉపకార వేతనాల ఖర్చు బాగా పెరిగింది. ఆ పద్ధతిని 1953లో నియమాలు మార్చి కొంతకాలం ఆపేశారు గానీ అప్పటికే చాలా చిన్న కళాశాలలు చేతులెత్తేశాయి. మాజీ సైనికుల మొదటి పెద్ద తరం చదువులు ముగించుకుని వెళ్లిపోవడంతో ఫీజుల ఆదాయం తగ్గింది, కొరియా యుద్ధం కుర్రాళ్లను మళ్లీ సైన్యంలోకి లాగింది. పెద్ద నగరాల్లో వృత్తి జట్లు ప్రేక్షకులను తమవైపు తిప్పుకున్నాయి. వీటన్నిటి మీద టెలివిజన్ వచ్చి పడింది. ఇంట్లో కూర్చుని దేశంలోని పెద్ద మ్యాచ్ చూడగలిగినప్పుడు చలిలో కెజార్ స్టేడియం మెట్ల మీద కూర్చునేది ఎవరు? టెలివిజన్ వల్ల టికెట్ల అమ్మకం పడిపోతోందన్న భయంతో కళాశాల క్రీడల సంఘం 1951లోనే ప్రసారాలకు పరిమితులు విధించింది. ఆ పరిమితులు మేలు చేసిందీ చిన్న కళాశాలలకు కాదు.

కాబట్టి బౌల్ పిలుపు రాకపోవడానికి వర్ణవివక్ష కారణమనడం సబబే. జట్టు మూతపడడానికి అదే కారణమనడం మాత్రం ఒప్పుకోలేని మాట. ఆ రెండూ కలిసేది ఒక్క బిందువు దగ్గర. రాబోయే అంతాన్ని ఒకటి రెండేళ్లు వాయిదా వేయగలిగిన డబ్బును, గెలిచి సంపాదించుకున్నవాళ్లకు చర్మం రంగు చూసి ఎగ్గొట్టారు. ఈ తేడాను పాటించడం వల్ల దక్షిణాది సంఘాల తప్పు ఇసుమంతైనా తగ్గదు. పైగా విశ్వవిద్యాలయం క్రీడలను నిర్లక్ష్యం చేసిందనడానికి కూడా లేదు. తక్కువ మందితో, తక్కువ ఖర్చుతో నడిచే బాస్కెట్‌బాల్‌లో అదే సంస్థ బిల్ రసెల్, కే.సి. జోన్స్‌లాంటి నల్లజాతి ఆటగాళ్లతో 1955లోనూ 1956లోనూ జాతీయ విజేతగా నిలిచింది. ఫుట్‌బాల్ తర్వాతి కాలంలో కింది స్థాయిలో మళ్లీ మొదలైనా చివరకు పూర్తిగా ఆగిపోయింది.

ఆటగాళ్ల తర్వాతి జీవితాలు ఆ జట్టు స్థాయి ఎంతటిదో ర్యాంకుల కంటే నమ్మకంగా చెబుతాయి. మాట్సన్, మార్కెటీ, బాబ్ సెయింట్ క్లెయిర్ ముగ్గురూ వృత్తి ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం పొందారు, ఒకే కళాశాల జట్టు నుంచి ముగ్గురు వెళ్లడం మామూలు విషయం కాదు. 1959లో మాట్సన్ ఒక్కడి కోసం లాస్ ఏంజెలెస్ రామ్స్ జట్టు తొమ్మిది మంది ఆటగాళ్లను ఇచ్చుకుంది. దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ ఎడ్ బ్రౌన్ షికాగో బేర్స్‌కు ఆడాడు. కుహారిచ్ మరుసటి ఏడాదే షికాగో కార్డినల్స్ కోచ్‌గా వెళ్లాడు.

టోలర్‌ను క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ ఎంచుకుంది గానీ 1952లో కళాశాల ఉత్తమ ఆటగాళ్ల ప్రదర్శన మ్యాచ్‌లో మోకాలు దెబ్బతిని ఆట ముగిసిపోయింది. ఉపాధ్యాయుడై, తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో ఉన్నత పాఠశాల వ్యవస్థలో తొలి నల్లజాతి ప్రధానోపాధ్యాయుడయ్యాడు. 1965లో, రోజెల్ అధిపతిగా ఉన్న కాలంలోనే, జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌లో తొలి నల్లజాతి మ్యాచ్ అధికారిగా మైదానంలోకి దిగి పాతికేళ్లపాటు కొనసాగాడు. 2017లో విశ్వవిద్యాలయం తన విద్యార్థి వసతిగృహానికి అతని పేరు పెట్టింది.

దక్షిణాది కట్టుబాటు మంచి మనసుల వల్ల మాత్రం సడలలేదు. 1955 జనవరిలో నెబ్రాస్కా జట్టుతో ఆరెంజ్ బౌల్‌లోకి నల్లజాతి ఆటగాడు ప్రవేశించాడు. 1956 జనవరిలో పిట్స్‌బర్గ్ జట్టులోని బాబీ గ్రియర్ షుగర్ బౌల్ ఆడబోతున్నాడని తెలిసి జార్జియా గవర్నర్ మార్విన్ గ్రిఫిన్ తమ రాష్ట్రపు జార్జియా టెక్ ఆ మ్యాచ్ ఆడకూడదని పట్టుబట్టాడు. అట్లాంటాలో విద్యార్థులు వీధుల్లోకి వచ్చి గవర్నర్ దిష్టిబొమ్మ తగలబెట్టారు, మ్యాచ్ జరిగింది. ఆ ఏడాదే లూసియానా శాసనసభ నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి ఆడకూడదని ఏకంగా చట్టమే చేసింది. ఒక బాక్సర్ వేసిన దావాలో దిగువ కోర్టు ఆ చట్టాన్ని కొట్టివేయగా 1959లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. అప్పటికి డాన్స్ ఫుట్‌బాల్ జట్టు రద్దయి ఏడేళ్లు దాటింది.